నూటికి ఎంత అని అడగడం ఎప్పటినుంచి తప్పయింది?

పోస్టు పొడుగైంది, ముందే చెబుతున్నాం. చివరిదాకా చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి. సగం చదివి బొటనవేలు గుర్తు మాత్రం పెట్టకండి.

కిందటి నెల కార్యవర్గం ఒక నిర్ణయం తీసుకుంది. ఆదివారం తెలుగు తరగతిలో ఇకమీద వార్తాపత్రికలు, లెక్కలు వద్దట. అక్షరాలు, పద్యాలు, పాటలు చాలట. మూడు వాక్యాల్లో గ్రూపులో పెట్టారు. 32 మంది బొటనవేలు ఎత్తారు. ఎందుకని అడిగినవాళ్ళు ఇద్దరే. ఆ ఇద్దరికీ "తర్వాత మాట్లాడదాం" అని జవాబు వచ్చింది. ఆ తర్వాత అనేది ఇంకా రాలేదు. అందుకే ఆ తరగతి నడిపే మేం అయిదుగురం కూర్చుని ఇది రాస్తున్నాం.

ఈ వార్తల లెక్కలు మేం ఎక్కడినుంచో పట్టుకొచ్చి పిల్లల నెత్తిన రుద్దినవి కావు. ఒక పిల్ల అడిగిన ప్రశ్నతో మొదలైంది. ఎండాకాలంలో ఒక ఆదివారం "నీరు" అనే మాట మీద వాక్యాలు రాయిస్తున్నాం. ఆరో తరగతి పిల్ల లేచి, "అక్కా, ఉజనీల నీళ్ళు మైనస్ అయినయని పేపర్ల ఉంది. నీళ్ళు మైనస్ ఎట్లయితయి?" అంది. మేం అయిదుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. షోలాపూర్‌లో పుట్టి పెరిగినవాళ్ళం. నాలుగైదు రోజులకోసారి వచ్చే నల్లా కోసం బిందెలు వరుసలో పెట్టిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం. ప్రతి వేసవిలో ఆ మైనస్ అంకె చదువుతూనే ఉన్నాం. ఒక్కళ్ళం కూడా ఆ ప్రశ్న అడగలేదు.

వారం గడువు తీసుకుని నేర్చుకుని వచ్చాం. ఉజనీ డ్యాం నిండితే పట్టేది మొత్తం 117.23 టీఎంసీలు. అందులో 63.66 టీఎంసీలు కాలువ తూముకన్నా కింద ఉండే నిల్వ. కాలువలోకి దానంతట అది పారదు. మిగిలిన 53.57 టీఎంసీలనే వాడుకునే నిల్వ అంటారు. పేపరులో వచ్చే శాతం ఈ 53.57 మీద కట్టినదే. అంటే "ఉజనీ సున్నా టక్కే" అని వార్త వచ్చిన రోజున డ్యాం ఎండిపోలేదు. అందులో 63.66 టీఎంసీలు, అంటే నిండు డ్యాంలో సగానికి పైనే నీళ్ళున్నాయి. 2024 వేసవి చివర మైనస్ 60 దాకా పోయింది. 53.57లో 60 శాతం అంటే 32 టీఎంసీలు. 63.66లోంచి 32 తీసేస్తే ఇంకా 31.5 మిగిలాయి. మొత్తం డ్యాంలో అది 27 శాతం.

ఈ లెక్క బోర్డు మీద పూర్తయ్యాక ఒక పిల్లాడు అడిగాడు: "అయితే వంద టక్కే అంటే నిండిందన్నట్టు, సున్నా అంటే సగం ఉన్నట్టా?" అవున్రా. ఆ ఒక్క ముక్క అర్థం కావడానికి మా తరానికి నలభై ఏళ్ళు పట్టింది. వాళ్ళకి ఒక ఆదివారం సరిపోయింది. పైగా ఆ గంటలో వాళ్ళు నోటితో పలికిన తెలుగు మాటలు చూడండి: తూము, కాలువ, నిల్వ, పట్టు, అడుగున, మిగిలింది, తీసివేత, నూటికి. ఇందులో ఎన్ని మన పాఠ్యపుస్తకంలో "ఏనుగు, ఐరావతం, ఔషధం" పక్కన ఉన్నాయో పెద్దలు చెప్పాలి.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం రెండు గంటల్లో అరగంట ఒక వార్తకు కేటాయించాం. మరాఠీ పేపరు ముక్క ఒకటి తెస్తాం, లేదా ఫోన్లో వచ్చిన తెలుగు వార్త కాగితం మీద తీస్తాం. పిల్లలు దాన్ని తెలుగులో చెప్పాలి. తర్వాత నాలుగు ప్రశ్నలు వెయ్యాలి. ఈ శాతం దేంట్లో? దేంతో పోల్చి చెప్పారు? ఎప్పటినుంచి ఎప్పటికి? లెక్కపెట్టింది ఎవరు? ఇంతే. అయిదో తరగతి లెక్కలొచ్చిన ఎవరైనా ఇది చెప్పొచ్చు. మాలో ఇద్దరు బట్టల కార్ఖానాలో పనిచేస్తారు, ఒకరు టైలరు. మాలో లెక్కల మాస్టరు లేడు.

ఇప్పుడు మన గ్రూపు సంగతికే వద్దాం. కొన్ని నెలల కింద ఒక పెద్దాయన ఒక ఫార్వర్డు పెట్టారు. ఆయన మంచి ఉద్దేశంతోనే పెట్టారు, అందులో మాకు అనుమానం లేదు. "తెలుగు చచ్చిపోతోంది. మూడో స్థానం నుంచి నాలుగో స్థానానికి పడిపోయింది. మరాఠీ వాళ్ళు మనల్ని దాటేశారు. ఇకనైనా మేలుకో తెలుగోడా" అని. వంద చేతులు మారింది. మేం దాన్ని తరగతికి తీసుకెళ్ళాం.

2001 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అన్నవాళ్ళు 7 కోట్ల 40 లక్షలు. 2011లో 8 కోట్ల 11 లక్షలు. అంటే తగ్గలేదు, 71 లక్షలు పెరిగారు. అది 9.6 శాతం. మరి వాటా? 2001లో దేశంలో నూటికి 7.19, 2011లో 6.70. మనిషి లెక్క పెరిగింది, వాటా తగ్గింది. ఎలా? ఆ పదేళ్ళలో దేశ జనాభా 102.9 కోట్ల నుంచి 121.1 కోట్లకు, అంటే 17.7 శాతం పెరిగింది. మనం పెరిగాం, కానీ దేశం అంతకన్నా వేగంగా పెరిగింది. ఇక మరాఠీ సంగతి. 7.19 కోట్ల నుంచి 8.30 కోట్లకు, 15.4 శాతం పెరిగింది. మనల్ని దాటిన మాట నిజం. కానీ వాళ్ళ వాటా కూడా 6.99 నుంచి 6.86కు తగ్గింది. అంటే మన పక్కింటి మరాఠీ వాళ్ళు కూడా ఇలాంటి ఫార్వర్డు ఒకటి పంపుకోవచ్చు, వాళ్ళకీ గుండె దడ పుట్టించొచ్చు.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఆ రోజు ఒక మాటంది. "మరి చచ్చిపోతోంది అని ఎందుకు రాసిన్రు? వాటా తగ్గింది అని రాస్తే ఎవరు పంపరు కదా, అందుకా?" మేం ఏం చెప్పాలి? భాష మీద ప్రేమతో పంపిన పెద్దల్ని తక్కువ చెయ్యకుండా, అంకెని అంకెగా చూడమని చెప్పాం. భాష గురించి దిగులు పడాల్సినవి నిజంగానే ఉన్నాయి. ఈ ఊళ్ళో మన పిల్లల్లో తెలుగు చదవగలిగేవాళ్ళు ఎంతమంది, తెలుగులో ఉత్తరం రాయగలిగేవాళ్ళు ఎంతమంది అని ఎవరూ లెక్క తియ్యలేదు. దేశం లెక్క చూసి ఏడవడం సులువు. మన గల్లీ లెక్క తియ్యడానికి ఇల్లిల్లూ తిరగాలి.

మొదటి అభ్యంతరం: లెక్కలు బళ్ళో చెబుతారు కదా, తెలుగు తరగతిలో ఎందుకు?

బళ్ళో శాతాలు చెబుతారు, నిజం. "ఒక దుకాణదారు 20 పెన్నులు కొని" అని మొదలయ్యే లెక్క మన పిల్లలు చేస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. కానీ అమ్మ బీడీలు చుట్టి తెచ్చే కూలి మీద అదే లెక్క వెయ్యొచ్చని వాళ్ళకి ఎవరూ చెప్పరు. ఒక ఉదాహరణ. లెక్క తేలికగా ఉండడానికి వెయ్యి బీడీలకు 200 రూపాయలు అనుకుందాం. వెయ్యిలో 50 బాగాలేవని పక్కన పడేస్తే 950కి 190 వస్తాయి. "కూలి 4 శాతం పెంపు" అని వార్త వచ్చింది, వెయ్యికి 208 అయింది. అందరూ సంతోషం. కానీ ఆ నెల నుంచి పక్కన పడేసేవి 50 కాస్తా 100 అయ్యాయనుకోండి. 900 బీడీలకు 187 రూపాయల 20 పైసలు. కూలి పెరిగింది, చేతికొచ్చేది తగ్గింది. ఈ లెక్క చేయించిన రోజు ముగ్గురు పిల్లలు ఇంటికెళ్ళి అమ్మల్ని అడిగారు, "నీవి ఎన్ని తీసేస్తున్రు?" అని. ఆ ముగ్గురు తల్లులూ మరుసటి ఆదివారం తరగతి గుమ్మం దగ్గర నిలబడి విన్నారు. సంఘం పెట్టిన ఏ సాంస్కృతిక కార్యక్రమానికీ వాళ్ళు వచ్చినట్టు మాకు గుర్తు లేదు.

పన్ను వార్తా అంతే. 2025 సెప్టెంబరులో బీడీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించారు. "ధర 10 శాతం తగ్గుతుంది" అని అందరూ అన్నారు. పన్నుకు ముందు 100 ఉన్న సరుకు 128కి అమ్మేది 118 అవుతుంది. 128 మీద 10 అంటే 7.8 శాతమే. పది కాదు. పదీ ఎనిమిదీ మధ్య తేడా చిన్నదే అంటారా? ఇంటి అప్పు మీద రెండు శాతం తేడా వస్తే ఏమవుతుందో వాయిదా కట్టేవాళ్ళని అడగండి. 2022 మే ముందు 4 శాతం ఉన్న రిజర్వు బ్యాంకు రెపో రేటు 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. పేపర్లు "రెండున్నర పెరిగింది" అని రాశాయి. నాలుగు మీద రెండున్నర అంటే నూటికి 62న్నర వంతు పెరిగినట్టు. రెండు మాటలూ నిజమే. ఏది ఎక్కడ వాడారో తెలియకపోతే మోసపోయేది మనం.

రెండో విషయం. దీన్ని చెప్పడానికి ఆ ఇంటివాళ్ళ అనుమతి తీసుకున్నాం, పేర్లు రాయడం లేదు. మా తరగతికి వచ్చే ఒక అమ్మాయి వాళ్ళ అమ్మ 50,000 అప్పు తీసుకోబోయింది. ఇంటికొచ్చిన ఏజెంటు, "ఏడాదికి 12 టక్కేనే వ్యాజు, 12 హప్తాలు, నెలకు 4,667" అన్నాడు. మన ఆడవాళ్ళు నోటి లెక్కలో ఎవరికీ తీసిపోరు. నూటికి నెలకు రూపాయి వడ్డీ అన్నమాట, బయట రెండు మూడు రూపాయలు నడుస్తోంది, మంచిదే కదా అనుకుంది తల్లి. పిల్ల అడిగింది: "ఆరు నెలలకు సగం అసలు కట్టేస్తం గద, మరి వడ్డీ మొత్తం 50,000 మీదనే ఎందుకు?"

చెయ్యండి లెక్క. 50,000 మీద 12 శాతం 6,000. కానీ ఆ 50,000 ఆమె చేతిలో ఉండేది మొదటి నెల మాత్రమే. ప్రతి నెలా అసలు తగ్గుతూ పోతుంది. పన్నెండు నెలలకు సగటు తీస్తే ఆమె దగ్గర ఉన్న అసలు 27,000 చిల్లరే. తగ్గుతున్న అసలు మీద నిజంగా 12 శాతమే వేస్తే వడ్డీ 3,250 అవ్వాలి. వాళ్ళు తీసుకునేది 6,000. అంటే అసలు రేటు 21, 22 శాతం మధ్య. "12 టక్కే" అన్నది అబద్ధం కాదు, నిజమూ కాదు. ఉజనీ మైనస్ లాంటిదే. దేని మీద శాతం అన్నదే ప్రశ్న.

ఇంకొకటి కూడా ఆ అమ్మాయికి తెలుసు, ఎందుకంటే అది ఒక వార్త, మేం తరగతిలో చదివాం. 2024 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం బ్యాంకులూ ఫైనాన్సు కంపెనీలూ ఇలాంటి కొత్త అప్పులకు ముఖ్య వివరాల పత్రం ఒకటి ఇవ్వాలి. అందులో అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది వడ్డీ రేటు రాయాలి. అప్పు తీసుకునేవాళ్ళకి అర్థమయ్యే భాషలో ఉండాలి. పిల్ల ఆ కాగితం అడిగింది. ఏజెంటు మళ్ళీ వస్తానని వెళ్ళాడు. రాలేదు. ఆ తల్లి చివరికి తన భిశీ డబ్బు ముందు ఎత్తుకుని పని గడుపుకుంది. భిశీలో ముందు ఎత్తుకుంటే ఎంత పోతుందో ఆ లెక్క కూడా ఇంట్లో వాళ్ళే వేసుకున్నారు. తెలుగులోనే వేసుకున్నారు.

ఇది తెలుగు తరగతి పని కాదంటారా? అయితే తెలుగు తరగతి పని ఏమిటో మాకు అర్థమయ్యేలా చెప్పండి.

మూడో అభ్యంతరం, భాష. "తరగతి ఉన్నది సంస్కృతి కోసం, అంకెల కోసం కాదు" అని ఒకరు రాశారు. అంకె సంస్కృతి కాదా? మన ఇళ్ళలో పిల్లలు తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ అంకె రాగానే మరాఠీకో ఇంగ్లీషుకో దూకుతారు. "అక్కా, నా దగ్గర ఏకోణతీస్ రుపయలున్నయి." ఇరవై తొమ్మిది నోరు తిరగదు. పావు, ముప్పావు, పదింట ఒక వంతు, నూటికి ముప్పావలా వడ్డీ అంటే తెల్లమొహం వేస్తారు. భాషలో మొదట ఊడిపోయేవి అంకెలే. బజార్లో, బ్యాంకులో, కార్ఖానాలో తెలుగు అంకె పనికిరాకపోతే, తెలుగు పండగనాడు పాడే పాటగా మిగులుతుంది. పాటలు మాకూ ఇష్టమే. పాటతో మాత్రం ఇల్లు నడవదు.

2019లో ఇదే మహారాష్ట్రలో ఏం జరిగిందో గుర్తుందా? బాలభారతి రెండో తరగతి లెక్కల పుస్తకంలో అంకెల పేర్లు కొత్త పద్ధతిలో చెప్పారు. "ఏకవీస్" అనే బదులు "వీస్ ఏక్", "బహాత్తర్" బదులు "సత్తర్ దోన్" అని. రాష్ట్రమంతా గోల అయింది. గణిత సమితి అధ్యక్షురాలు మంగళా నార్లీకర్ చెప్పింది ఒకటే: రాసే వరుస ఒకటి, పలికే వరుస ఇంకొకటి అయితే పసిపిల్లలు తికమక పడతారు, జోడక్షరాల భయంతో లెక్కలంటేనే పారిపోతారు. దక్షిణాది భాషల్లో ఈ చిక్కు లేదు. ఇరవై ఒకటి, డెబ్బై రెండు: ఎలా రాస్తామో అలాగే పలుకుతాం. ఒక పెద్ద రాష్ట్రం తన పిల్లల కోసం తెచ్చుకోవాలని చూసి తిట్లు తిన్న సౌకర్యం మన పిల్లలకి పుట్టుకతో వచ్చింది. మనం దాన్ని పారేస్తున్నాం. మరాఠీ తక్కువని కాదు మేం అనేది. మరాఠీ మనకు అన్నం పెట్టిన భాష, మన పిల్లలు దాంట్లోనే చదువుతారు, చదవాలి కూడా. కానీ ఉన్న ఆస్తిని ఎందుకు ముట్టుకోవద్దంటున్నారు?

పద్యాలు చాలంటున్న పెద్దలకు ఇంకో మాట. తెలుగులో తొలినాటి పద్యకృతుల్లో ఒకటి లెక్కల పుస్తకం. తొమ్మిదో శతాబ్దంలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయన పదకొండో శతాబ్దం ప్రాంతం వాడని చెబుతారు. కూడికలు, భాగాలు, వడ్డీలు పద్యాల్లో ఉంటాయి. కాబట్టి పద్యమా లెక్కా తేల్చుకోమని మమ్మల్ని అడిగేవాళ్ళు ముందు మల్లనని అడగాలి. ఆయనకు రెండూ ఒకటే పని.

నాలుగో అభ్యంతరం: వార్తలంటే రాజకీయం వస్తుంది. ఇది పూర్తిగా తోసెయ్యదగ్గ మాట కాదు. మాకూ ఆ భయం ఉంది. అందుకే మొదటినుంచీ ఒక నియమం పెట్టుకున్నాం. పార్టీల పేర్లున్న వార్త తేము. డ్యాం నీళ్ళు, వాన, ధరలు, పరీక్షల ఫలితాలు, క్రికెట్ సగటు, బంగారం, కూలి, పన్ను, జనాభా. ఎన్నికల రోజుల్లో పోలింగు శాతం ఒక్కటే చూశాం, అది కూడా ఏ పార్టీకి ఎంత అని కాదు. నూటికి 60 మంది ఓటేస్తే, అందులో 40 శాతం తెచ్చుకున్నవాడికి మొత్తం ఓటర్లలో ఎంత అన్నది చూశాం. 24. ఈ 24లో ఏ పార్టీ ఉందో మాకు చెప్పండి. "దేంట్లో ఎంత" అన్న ప్రశ్న అందరినీ ఒకేలా అడుగుతుంది. ఎవరికైనా అది ఇబ్బందిగా ఉంటే ఆ ఇబ్బంది ప్రశ్నలో లేదు.

ఇక అసలు సంగతి. ఇది చెప్పకపోతే పైనున్నదంతా డొంకతిరుగుడే అవుతుంది. రెండేళ్ళుగా ఎవరికీ అడ్డురాని వార్తల అరగంట, మన వార్షిక నివేదిక బయటికొచ్చిన మూడు వారాలకే అడ్డొచ్చింది. మేం ఆ నివేదికని తరగతికి తీసుకెళ్ళిన మాట నిజం. అది కూడా వార్తే కదా, అందులోనూ శాతాలున్నాయి కదా అనుకున్నాం. "ఈ ఏడాది విద్యానిధి 20 శాతం పెంచాం" అని ముందు పేజీలో పెద్ద అక్షరాలతో ఉంది.

పిల్లలు నాలుగు ప్రశ్నలు వేశారు. విద్యకు నిరుడు 32,000, ఈ ఏడు 38,400. అవును, 20 శాతం పెరిగింది. లెక్క సరైనదే. మరి మొత్తం ఖర్చు? నిరుడు 4,80,000, ఈ ఏడు 6,40,000. అది 33 శాతం పెరిగింది. అంటే మొత్తంలో విద్య వాటా నిరుడు నూటికి 6 రూపాయల 67 పైసలు, ఈ ఏడు 6 రూపాయలు. డబ్బు పెరిగింది, వాటా తగ్గింది. జనాభా లెక్కల్లో తెలుగుకు ఏం జరిగిందో, సంఘం ఖర్చులో చదువుకు అదే జరిగింది. ఈ పోలిక మేం చెప్పలేదు, ఏడో తరగతి పిల్లాడు చెప్పాడు. ఇంకొక పిల్ల తర్వాతి పేజీ తిప్పి, "శాలువాలు, మెమెంటోలకు 51,200 ఉందక్కా, అంటే 8 టక్కే" అంది. వార్షికోత్సవానికి 2,88,000, అంటే 45 శాతం.

ఇందులో ఎవరూ డబ్బు తినలేదు. ఆ మాట మేం ఎక్కడా అనలేదు, ఇప్పుడూ అనడం లేదు. ప్రతి రూపాయికీ రసీదు ఉంది, కోశాధికారి నిజాయితీ మీద మాకు నూటికి నూరు నమ్మకం. నివేదిక కూడా అబద్ధం చెప్పలేదు. కానీ నూటికి 45 పండగకి, 8 శాలువాలకి, 6 చదువుకి పెట్టుకున్న సంఘం "తెలుగు చచ్చిపోతోంది" అని ఫార్వర్డు పెట్టుకుంటే, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే హక్కు మన పిల్లలకి ఉందా లేదా? వాళ్ళకి చదవడం నేర్పమన్నది మీరే. చదివారు.

మా తప్పులు కూడా చెబుతాం. నివేదికని తరగతికి తీసుకెళ్ళేముందు కార్యవర్గానికి ఒక మాట చెప్పాల్సింది. పిల్లలు ఇంట్లో చెప్పాక ఆ మాటలు మారి మారి "సంఘంలో డబ్బు గోల్‌మాల్" అన్నదాకా పోయాయని విన్నాం. ఆ బాధ కోశాధికారి అన్న ఒక్కడే మోశాడు. ఆయనకు ఇక్కడే, అందరి ముందూ క్షమాపణ చెబుతున్నాం. రెండో తప్పు, కొన్ని ఆదివారాలు అరగంట కాస్తా గంట అయింది, చిన్నపిల్లల గుణింతాలు వెనకబడ్డాయి. ఇద్దరు తల్లులు ఆ ఫిర్యాదు చేశారు, అది న్యాయమైనదే. మూడోది, ఒకసారి టీఎంసీని లీటర్లలోకి మార్చేటప్పుడు మేమే ఒక సున్నా మింగేశాం. ఒక టీఎంసీ అంటే దాదాపు 2,830 కోట్ల లీటర్లు. మేం 283 అని రాశాం. పట్టుకున్నది వెనక బెంచీ పిల్లాడు. వాడికి ఆ రోజు చప్పట్లు కొట్టించాం. తప్పు పట్టుకున్న పిల్లాడికి మేం చప్పట్లు కొట్టించాం, కార్యవర్గం ఆ అరగంటనే తీసేసింది. తేడా సభ్యులే ఆలోచించుకోండి.

మేం అడుగుతున్నవి ఇవి.

ఒకటి, వార్తల అరగంట కొనసాగాలి. పదేళ్ళ లోపు పిల్లలకు అక్షరాలే. ఆ పైవాళ్ళకు మాత్రమే వార్త. గడియారం చూసి ముప్పై నిమిషాలకు ఆపుతాం, కావాలంటే పద్యాల అక్క గంట కొట్టొచ్చు.

రెండు, ఆ వారం ఏ వార్త చెబుతామో శుక్రవారమే గ్రూపులో పెడతాం. అభ్యంతరం ఉన్నవాళ్ళు శనివారంలోగా కారణంతో చెప్పాలి. కారణం లేని బొటనవేలు లెక్కలోకి రాదు.

మూడు, తెలుగు అంకెలు, భాగాలు, వడ్డీ మాటలు ఒక చిన్న పుస్తకంగా వేద్దాం. అమ్మమ్మల దగ్గర కూర్చుని మాటలు సేకరించే పని పిల్లలే చేస్తారు. దీనికయ్యే ఖర్చు ఈ ఏడు శాలువాల ఖర్చులో సగానికి మించదు.

నాలుగు, వచ్చే నివేదికలో ప్రతి శాతం పక్కన అది దేంట్లో శాతమో రాయాలి. ఇది కార్యవర్గం మీద అనుమానంతో కాదు. మన పిల్లలు చదువుతారు కాబట్టి.

ఈ నిర్ణయం పదకొండు మంది కార్యవర్గంలో ఏడుగురు హాజరైన సమావేశంలో, నలుగురి మాటతో జరిగింది. ఏడుగురిలో నలుగురంటే 57 శాతం. పదకొండు మందిలో 36 శాతం. మొత్తం 210 మంది సభ్యుల్లో నూటికి ఇద్దరికన్నా తక్కువ. నియమం ప్రకారం చెల్లుతుంది, మేం కాదనడం లేదు. కానీ వచ్చే సర్వసభ్య సమావేశంలో దీన్ని అందరి ముందు పెట్టాలని అడగడానికి కూడా నియమం ఉంది. దానికి 21 సంతకాలు కావాలి. మావి అయిదు, అడిగిన ఆ ఇద్దరివి రెండు. ఇంకా 14 కావాలి.

సంతకం పెట్టేముందు ఒక్క ఆదివారం వచ్చి తరగతి వెనకాల కూర్చోండి. ఈ వారం వార్త బంగారం ధర. తులానికి ఎంత పెరిగింది, తరుగు పేరుతో ఎంత పోతోంది, పన్ను దేని మీద వేస్తున్నారు. పెళ్ళీడు పిల్లలున్నవాళ్ళు తప్పకుండా రండి. పొద్దున పది గంటలకు మొదలు. వచ్చేటప్పుడు ఇంట్లో పాత నగల రసీదు ఏదైనా ఉంటే తీసుకురండి, పేరు మడిచి పట్టుకుంటే చాలు, లెక్క పిల్లలు చేస్తారు.

ఆదివారం తెలుగు తరగతి నడిపే మేం అయిదుగురం